పట్టీల జామెట్రీ కిట్ రివ్యూ: పట్టీలకి ఫుల్ మార్కులు, కార్డులకి సున్నా

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తా. ఇంట్లో ఆరు నుంచి తొమ్మిది దాకా చదివే పిల్లలుంటే ఈ కిట్ కొనొచ్చు, కానీ పట్టీల కోసం కొనండి, అందులో వచ్చే ఫ్లాష్ కార్డుల్ని మాత్రం పిల్లల చేతిలో పడకముందే తీసి అటకెక్కించండి. 5కి మూడున్నర ఇస్తున్నా. మిగతా ఒకటిన్నర ఎందుకు కోసానో కింద రాస్తా. నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెప్తాను, ఎక్కువమంది ఎనిమిది తొమ్మిది క్లాసుల వాళ్ళే, కాబట్టి ఇది డబ్బా విప్పిన రోజు ఉత్సాహంలో రాస్తున్న రివ్యూ కాదు, బ్యాచ్ మీద బ్యాచ్ చేతుల్లో నలిగాక రాస్తున్నది. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే డబ్బాని రకరకాల స్టిక్కర్లతో రకరకాల వాళ్ళు అమ్ముతున్నారు, మీకు దొరికేది వేరే పేరుతో ఉండొచ్చు, లోపల సరుకు చూసి గుర్తుపట్టండి.

లోపల ఏముంటాయంటే, 6 నుంచి 16 సెంటీమీటర్ల దాకా రకరకాల పొడవుల ప్లాస్టిక్ పట్టీలు, ఒక్కో పొడవుకి ఒక్కో రంగు, రెండు చివర్లా టిచ్ బటన్ లాంటిది, నొక్కితే టక్‌మని అతుక్కుని కీలులాగా తిరుగుతుంది. బటన్ నడుమ సన్న రంధ్రం, అందులోంచి దూర్చడానికి ఎలాస్టిక్ దారం. తర్వాత ఒక జియోబోర్డు, అంటే వరసగా మేకులున్న పలక, దానికి రబ్బరు బ్యాండ్లు. ఫోమ్‌తో కోసిన బహుభుజులు, గుండ్రటి కోణమానిని, ఫ్లాష్ కార్డులు, ఒక మాన్యువల్. అంతే.

అసలు నేనిది ఎందుకు కొన్నానో చెప్తే గానీ పట్టీలు ఎందుకంత నచ్చాయో అర్థం కాదు. ఎనిమిదో క్లాసులో చతుర్భుజాల చాప్టర్ వచ్చిందంటే పిల్లలు చేసే మొదటి పని ఒక టేబుల్ గీసుకుని బట్టీ కొట్టడం. పారలలోగ్రామ్‌కి ఎదురు భుజాలు సమానం, రాంబస్‌కి నాలుగూ సమానం, రెక్టాంగిల్‌కి కర్ణాలు సమానం, కైట్‌కి పక్కపక్క భుజాలు సమానం అని వరసగా అప్పజెప్తారు, బోర్డు మీద స్క్వేర్‌ని మూల మీద నిలబెట్టి గీసి ఇదేంటర్రా అంటే డైమండ్ మేడం అంటారు. తప్పు వాళ్ళది కాదు, పేపర్ మీద బొమ్మ కదలదు కదా, ఆరు బొమ్మలు ఆరు పేర్లు, ఎవరి గదిలో వాళ్ళున్నట్టు ఉంటాయి, ఒకటి ఇంకోదానిగా ఎలా మారుతుందో కనపడదు.

పట్టీలు చేతికిస్తే అది కనపడుతుంది. ముందు మూడు పట్టీలు కలపమంటాను. త్రిభుజం వస్తుంది, ఎంత నొక్కినా కదలదు. నాలుగోది కలిపితే మొత్తం ఊగులాడుద్ది. పిల్లలు వెంటనే ఇది పాడైంది మేడం, లూజుగా ఉంది అంటారు. లూజు కాదు నాయనా, చతుర్భుజం నైజమే అది, నాలుగు భుజాల పొడవులు చెప్పేసినంత మాత్రాన ఆకారం ఖాయం అవ్వదు అని చెప్పి ఎదురు మూలలకి అడ్డంగా ఒక పట్టీ వేయమంటే బిగుసుకుపోద్ది. మన వీధిలో ఇనుప గేట్లకి ఏటవాలుగా ఒక బద్ద ఎందుకు వేస్తారో, కరెంటు టవర్లో ఎక్కడ చూసినా త్రిభుజాలే ఎందుకుంటాయో ఇంక నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్తారు.

ఇక్కడ ఆగకుండా ఐదు పట్టీలతో పంచభుజి, ఆరింటితో షడ్భుజి కూడా చేయించండి. ఒకే మూల నుంచి కర్ణాలు వేసుకుంటూ ఎన్నిటికి బిగుసుకుంటుందో చూడమనండి. నాలుగు భుజాలకి ఒకటి, ఐదుకి రెండు, ఆరుకి మూడు. అంటే భుజాల సంఖ్యలోంచి మూడు తీసేస్తే సరి. లోపల ఏర్పడిన త్రిభుజాలు లెక్కపెడితే రెండు, మూడు, నాలుగు, అంటే భుజాల్లోంచి రెండు తక్కువ. ఒక్కో త్రిభుజానికి 180 డిగ్రీలు కాబట్టి చతుర్భుజం కోణాల మొత్తం 360, పంచభుజికి 540, షడ్భుజికి 720. ఫార్ములా ముందు చెప్పి తర్వాత లెక్కలు చేయించే పద్ధతి కన్నా ఇది ఎన్నో రెట్లు నయం, మాన్యువల్లో మాత్రం దీని గురించి ఒక్క ముక్క లేదు. ఫార్ములా ఇచ్చేసి కింద ఖాళీలు పూరించమన్నాడు.

ఇక అసలు విషయం, నాకు బాగా నచ్చింది. రెండు 10 సెంటీమీటర్ల పట్టీలు, రెండు 6 సెంటీమీటర్లవి తీసుకోండి. ఒకటి పెద్దది ఒకటి చిన్నది మార్చి మార్చి కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుంది, నిటారుగా నిలబెడితే అదే దీర్ఘచతురస్రం. ఇప్పుడు విప్పేసి, పెద్దవి రెండూ పక్కపక్కన, చిన్నవి రెండూ పక్కపక్కన కలపండి. కైట్ వస్తుంది. పట్టీలు అవే, పొడవులు అవే, మారింది వరస ఒక్కటే. ఈ ఒక్క ముక్క చూశాక ఎదురు భుజాలకీ ఆసన్న భుజాలకీ తేడా మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. అదే కైట్‌లో చిన్న పట్టీలు కలిసే మూలని వేలితో లోపలికి తోస్తే బాణం మొనలాగా అయిపోద్ది, ఒక కోణం 180 దాటుద్ది, ఒక కర్ణం ఆకారం బయటికి వెళ్ళిపోద్ది, అదే పుటాకార చతుర్భుజం. పుస్తకంలో ఈ మాట చదివి ఒక బొమ్మ చూసి వదిలేస్తారు, ఇక్కడ మామూలు కైట్ కాస్తా ఏ క్షణంలో పుటాకారం అయిందో కళ్ళ ముందే తెలుస్తుంది. లోపలి కోణాలు కొలిస్తే మొత్తం మళ్ళీ 360నే.

ఒక అల్లరి పిల్లాడు సమాంతర చతుర్భుజాన్ని మెలితిప్పి ఒక పట్టీ మీదుగా ఇంకో పట్టీ వెళ్ళేలా చేసి, ఇదీ నాలుగు భుజాలేగా మేడం, దీన్నేమంటారు అన్నాడు. మంచి ప్రశ్న. భుజాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే స్కూల్ పుస్తకం దాన్ని చతుర్భుజాల్లో కలపదు, భుజాలు చివర్లలో మాత్రమే కలవాలి అన్న షరతు నిర్వచనంలో ఎందుకు పెట్టారో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

తర్వాత వైశాల్యం. 10, 6 పట్టీల దీర్ఘచతురస్రాన్ని గ్రాఫ్ పేపర్ మీద పెడితే 60 చదరపు సెంటీమీటర్లు. పక్కకి వాల్చండి, చుట్టుకొలత 32 మారలేదు. వైశాల్యం? చుట్టుకొలత అంతే ఉంది కాబట్టి వైశాల్యం కూడా అంతే అని క్లాసులో సగం మంది బల్లగుద్ది చెప్తారు. ఎత్తు 3 సెంటీమీటర్లకి దిగేదాకా వాల్చి గడులు లెక్కపెట్టిస్తే 30, సగానికి సగం పోయింది. ఇంకా వాలిస్తే దాదాపు సున్నా. మరి ఎక్కువలో ఎక్కువ ఎంత అంటే నిటారుగా ఉన్నప్పటి 60నే.

కొంచెం తెలివైన బ్యాచ్ అయితే అవే పట్టీల కైట్‌కి కూడా గరిష్ఠం ఎంతో కనుక్కోమనండి. 10, 6 కలిసే మూలలు రెండూ లంబకోణాలు అయ్యేలా సర్దితే రెండు లంబకోణ త్రిభుజాలు, ఒక్కోటి 30, మొత్తం మళ్ళీ 60! వరస మార్చినా పెద్ద వైశాల్యం మారలేదు. ఎందుకలా అంటే నాలుగు భుజాలు ఇచ్చినప్పుడు నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్నప్పుడే వైశాల్యం గరిష్ఠం అవుతుంది, అలాంటి చతుర్భుజాల వైశాల్యానికి మన బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రం రాశాడు. చుట్టుకొలతలో సగం తీసుకుని, అందులోంచి ఒక్కో భుజం తీసేసి, వచ్చిన నాలుగు సంఖ్యల్నీ గుణించి వర్గమూలం తీయాలి. ఇక్కడ సగం 16, తీసేస్తే 6, 10, 6, 10, గుణిస్తే 3600, వర్గమూలం 60. సూత్రంలో భుజాల వరసకి పాత్రే లేదు చూడండి, అందుకే రెండు ఆకారాలకీ ఒకే జవాబు. ఇది ఎనిమిదో క్లాసు సిలబస్ కాదు, తెలుసు, కానీ పట్టీలు చేతిలో ఉన్నప్పుడు చెప్పకుండా ఉండలేకపోయా.

ఎలాస్టిక్ దారం ఈ కిట్‌లో బయటికి కనపడని హీరో. నాలుగు 10 సెంటీమీటర్ల పట్టీలతో రాంబస్ చేసి, ఎదురు మూలల రంధ్రాల్లోంచి దారం లాగి కడితే రెండు కర్ణాలు వస్తాయి. రాంబస్‌ని నొక్కండి, ఒక కర్ణం పెరుగుద్ది, ఇంకోటి తగ్గుద్ది, కానీ రెండూ కలిసే చోట లంబకోణం మాత్రం చెక్కుచెదరదు. ఒక కర్ణం 12 అయినప్పుడు ఇంకోటి కొలవండి, 16 వస్తుంది. వైశాల్యం 12, 16 గుణించి సగం చేస్తే 96. రెండు కర్ణాలూ సమానం అయ్యేదాకా తెస్తే అది చతురస్రం, వైశాల్యం 100. రాంబస్ కాస్తా చతురస్రం అవ్వడానికి మనం ఏమీ విప్పలేదు, ఏమీ కలపలేదు, కాబట్టి చతురస్రం కూడా ఒక రాంబసే అని ఎవరితో వాదించక్కర్లేదు.

దీర్ఘచతురస్రానికీ అంతే. దారం కట్టి వాలిస్తే కర్ణాలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, నిటారుగా తెస్తే సమానం. ఇది చేస్తుంటే ఒక అమ్మాయి, మా నాన్న ద్వారబంధం బిగించేటప్పుడు టేపు ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి పెట్టి చూస్తాడు మేడం, అందుకేనా అంది. వాళ్ళ నాన్న వడ్రంగి. అందుకేనమ్మా, ఎదురు భుజాలు సమానం ఉండి కర్ణాలు కూడా సమానం అయితే మూలలు లంబకోణాలు అయి తీరాలి, మూలమట్టం అవసరమే లేదు. ఆ రోజు మిగతా క్లాసు ఆ పిల్లే చెప్పింది.

ఇంక కోసిన మార్కుల సంగతి. పట్టీలతో ట్రాపీజియం, అంటే ఒక జత ఎదురు భుజాలు సమాంతరంగా ఉండే చతుర్భుజం, చెప్పలేం, ఇది కిట్ అమ్మేవాళ్ళు ఎక్కడా చెప్పరు. సమాంతర చతుర్భుజాన్ని ఎలా ఊపినా ఎదురు భుజాలు సమాంతరంగానే ఉంటాయి, ఎందుకంటే పొడవులే దాన్ని అలా పట్టి ఉంచుతాయి. ట్రాపీజియం అలా కాదు, ఒక్క క్షణం సమాంతరంగా సర్ది చేయి తీస్తే చెదిరిపోద్ది. మాన్యువల్లో మాత్రం పట్టీలతోనే ట్రాపీజియం చేయండి అని ఒక యాక్టివిటీ, పిల్లలు తంటాలు పడతారు. దానికి జియోబోర్డు వాడండి. కింది వరసలో 6 గడులు, మూడు వరసల పైన నడిమధ్యన 2 గడులు, బ్యాండ్ తగిలిస్తే చక్కటి సమద్విబాహు ట్రాపీజియం. వైశాల్యం ఫార్ములాతో 6, 2 కలిపి సగం 4, ఎత్తు 3తో గుణిస్తే 12. ఇప్పుడు ఇంకో దారి, బ్యాండ్‌ని తాకుతున్న మేకులు 10, లోపల చిక్కుకున్న మేకులు 8, పదిలో సగం 5, దాన్ని 8కి కలిపి ఒకటి తీసేస్తే 12! ఆస్ట్రియా గణితవేత్త గేయోర్గ్ పిక్ 1899లో చెప్పిన సూత్రం ఇది, మూలలన్నీ మేకుల మీద ఉండి భుజాలు ఒకదాన్నొకటి దాటకపోతే ఎలాంటి వంకరటింకర బహుభుజికైనా పనిచేస్తుంది. పిల్లలకి ఇది మ్యాజిక్కే, పందేలు వేసుకుని మరీ చేస్తారు.

జియోబోర్డుతో ఒక పేచీ ఉంది. చతురస్రపు గడుల బోర్డు మీద క్రమ షడ్భుజి, అంటే భుజాలన్నీ కోణాలన్నీ సమానంగా ఉన్నది, రాదు, క్రమ పంచభుజి రాదు, ఆఖరికి సమబాహు త్రిభుజం కూడా రాదు. క్రమ బహుభుజుల్లో వచ్చేది చతురస్రం ఒక్కటే. అయినా కార్డుల్లో ఒకదాని మీద జియోబోర్డు బొమ్మ వేసి దర్జాగా రెగ్యులర్ హెక్సాగన్ అని అచ్చేశారు. అడ్డ భుజం 2 గడులు, ఏటవాలు భుజం ఒకటి పక్కకి రెండు పైకి, అంటే 5 వర్గమూలం, 2.236 దాకా వస్తుంది. సమానం ఎక్కడ? పిల్లలకి ఇది కొలిచి తప్పు పట్టుకోండి అని ఇచ్చాననుకోండి, అలా ఆ కార్డు కూడా ఒక పనికొచ్చింది.

పనికిరాని కార్డులే ఎక్కువ. ఒకటి చూసి నాకు ఒళ్ళు మండింది. రెండు డబ్బాలు గీసి ఒకదాంట్లో స్క్వేర్, ఇంకోదాంట్లో రెక్టాంగిల్, రెండూ వేరు వేరు, కలపకూడదు అన్నట్టు మధ్యలో ఎర్ర గీత. నిజానికి యూక్లిడ్ రోజుల్లో అలాగే అనుకునేవాళ్ళు, క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఆయన ఇచ్చిన నిర్వచనాల్లో దీర్ఘచతురస్రం అంటే లంబకోణాలు ఉండి భుజాలన్నీ సమానం కానిది. కానీ ఇవాళ మన పిల్లల పుస్తకాల్లో చతురస్రం ఒక ప్రత్యేకమైన దీర్ఘచతురస్రం, పరీక్షలో ఒప్పా తప్పా అని అడిగేది సరిగ్గా దీని మీదే. డబ్బులిచ్చి కొన్న కార్డు చూసి పిల్లాడు తప్పు అని టిక్ పెట్టి వస్తే ఎవరు సమాధానం చెప్తారు? పట్టీలేమో ఒక మాట చెప్తాయి, అదే డబ్బాలోని కార్డులు ఇంకో మాట చెప్తాయి, ఈ రెండూ చేసినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదేమో అనిపించింది.

ఫోమ్ ముక్కలు పర్వాలేదు. పంచభుజులు మూడు ఒక మూల చుట్టూ పేర్చితే 324 డిగ్రీలే అవుతాయి, 36 డిగ్రీల సందు మిగిలిపోద్ది, షడ్భుజులైతే మూడు 120లు సరిగ్గా 360కి సరిపోతాయి. కానీ అన్నీ అందమైన క్రమ బహుభుజులే ఇచ్చాడు, అది లోపం. ఏ పద్ధతీ లేని చతుర్భుజం అయినా సరే, ఒకే సైజువి బోలెడు ఉంటే సందు లేకుండా నేల మొత్తం పరిచేయొచ్చు, పుటాకారమైనా సరే. దీనికి మేం పాత శుభలేఖల అట్టలు కత్తిరించుకున్నాం, ఇంట్లో వాటికి కొదవా ఏంటి. భుజం మధ్య బిందువు దగ్గర ముక్కని అరచుట్టు తిప్పి పెట్టుకుంటూ పోతే ప్రతి మూల దగ్గరా నాలుగు వేరువేరు కోణాలు వచ్చి కలుస్తాయి, వాటి మొత్తం 360 కదా, అందుకే సందు రాదు.

క్వాలిటీ గురించి కూడా రాయాలి. టిచ్ బటన్లు మొదట్లో గట్టిగా ఉంటాయి, చిన్నపిల్లలకి విప్పడం కష్టం, తర్వాత తర్వాత అవే సడలిపోయి ఊడిపోతుంటాయి, 16 సెంటీమీటర్ల పట్టీలు కొంచెం వంగాయి కూడా. రబ్బరు బ్యాండ్లు గుంటూరు ఎండలకి ఒక్క వేసవి కూడా ఆగలేదు, జిగటగా అయి తెగిపోయాయి, బజార్లో మామూలువి తెచ్చి వాడుతున్నాం. పట్టీల నడుమ రంధ్రం లేదు, ఇది పెద్ద లోటు. నడుమ రంధ్రం ఉంటే రెండు పట్టీల్ని మధ్యలో కలిపి, ముందు కర్ణాలు పెట్టుకుని వాటి నుంచి చతుర్భుజాన్ని కట్టొచ్చు. సమాన కర్ణాలు మధ్యలో కలిస్తే దీర్ఘచతురస్రం, లంబంగా కూడా ఉంటే చతురస్రం, పొడవులు వేరైతే సమాంతర చతుర్భుజం. నేను సూది కాల్చి పొడిచాను, రంధ్రం వచ్చింది గానీ ఇంత ధర పెట్టినవాడు అది కూడా చేసి ఇవ్వొచ్చుగా. మాకొచ్చిన డబ్బాలో రెండు చిన్న పట్టీలు తక్కువ, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అన్‌బాక్సింగ్ వీడియో ఉందా అన్నారు, ప్లాస్టిక్ పట్టీల డబ్బాకి ఎవరు తీస్తారండీ వీడియో. మీరు మాత్రం తీసుకోండి.

ఇంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే దారులున్నాయి. సైకిల్ వాల్వ్ ట్యూబు చిన్న చిన్న ముక్కలు కోసి అగ్గిపుల్లలు గుచ్చితే ఇవే కీళ్ళు తయారు, వ్యర్థాలతో సైన్సు బొమ్మలు చేసే అరవింద్ గుప్తా గారు దశాబ్దాలుగా చూపిస్తున్న పద్ధతి అది. అగ్గిపుల్లలన్నీ ఒకే పొడవు కాబట్టి రాంబస్‌కి బ్రహ్మాండం, మిగతావాటికి చీపురు పుల్లలు కోసుకోవాలి. ఫోన్ ఇవ్వడానికి అభ్యంతరం లేకపోతే జియోజీబ్రా అని జామెట్రీ బొమ్మలు గీసి కదిలించే యాప్ ఉంది, ఫ్రీ, 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టింది. పట్టీలతో కుదరని ట్రాపీజియం అందులో హాయిగా కుదురుతుంది, ఒక భుజానికి సమాంతర రేఖ గీసి దాని మీద మూలలు పెడితే ఎంత లాగినా ట్రాపీజియంగానే ఉంటది. మా ఇంట్లో రెండూ నడుస్తాయి. కానీ మొదటిసారి చూపించేటప్పుడు మాత్రం చేతికి తగిలే పట్టీలే కావాలని నా అభిప్రాయం, స్క్రీన్ మీద ఏదైనా కదులుద్ది, పిల్లలకి అందులో వింత ఉండదు.

పదో క్లాసు వాళ్ళకి దీని అవసరం పెద్దగా ఉండదు, వాళ్ళ గోల సరూప త్రిభుజాలూ ట్రిగనామెట్రీ. ఐదో క్లాసు లోపు వాళ్ళకి బటన్లు విప్పడమే ఒక యుద్ధం. కొనేవాళ్ళు పెద్ద సైజు డబ్బాయే తీసుకోండి, చిన్న డబ్బాలో ఒక్కో రంగువి రెండే పట్టీలు ఉంటాయట, దాంతో రాంబస్ ఎలా చేస్తారో ఆ అమ్మేవాడికే తెలియాలి.